రక్తపింజర చూపిన పక్కదారి

రక్తపింజర పేరు వినగానే మన పల్లెల్లో ఎవరికైనా ఒళ్ళు ఝల్లుమంటుంది. పొలం గట్ల మీద, గడ్డివాముల పక్కన, కంచెల మొదళ్ళలో చుట్టచుట్టుకుని పడుకునే ఈ పాము కాటుకు మన దేశంలో ఏటా ఎందరో రైతులు, కూలీలు బలైపోతున్నారు. కాటు తిన్నవాడికి చిగుళ్ళ నుంచి, మూత్రంలో, కాటు వేసిన చోట రక్తం ఆగకుండా పోతుందని మీరు వినే ఉంటారు. పాముకు ఆ పేరు రావడానికి కారణం కూడా అదేనని చెబుతారు.

అలాంటి పాము విషాన్ని, పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్న రోగి గాయం మీద మందుగా వేశారంటే మీరు నమ్మగలరా? 1934లో లండన్ నగరంలో సరిగ్గా ఈ పనే చేశారు. రక్తం ఆగింది కూడా!

ఎందుకు ఆగిందో ఆనాడు ఎవరికీ పూర్తిగా బోధపడలేదు. బోధపడటానికి మరో ముప్ఫయ్యేళ్ళు పట్టింది. అసలు మందే పనిచేయని స్థితికి చేరుకున్న రోగులకు ఈనాడు ప్రాణం పోస్తున్న మందుల వెనుక ఉన్నది ఆ పాము విషం చేసి చూపిన ఉపాయమే. తలుపుకు తాళం పడితే దాని ముందే కూర్చోకుండా పక్కదారిన లోపలికి వెళ్ళాలి. ఆ పక్కదారి ఎలా దొరికిందో, దానికి ఎవరెవరు ఎంత మూల్యం చెల్లించారో చూద్దాం.

విశాఖపట్నం పాము

ముందుగా పాము సంగతి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తన సోదరుడి వెంట 1781లో విశాఖపట్నం వచ్చారు. తర్వాత కొన్నేళ్ళకు కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. కోరమండల్ తీరంలో పాములు పట్టించి, పరీక్షించి, బొమ్మలు గీయించి, 1796లో ఆయన ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. అందులో చాలా పాములకు మన తెలుగు పేర్లే ఉన్నాయి. ఇప్పుడు మనం రక్తపింజర అంటున్న పామును ఆయన 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్నారు. వీపు మీద కాటుక దిద్దినట్టుండే మచ్చలను చూస్తే ఆ పేరు ఎంత చక్కగా అతికిందో తెలుస్తుంది. శాస్త్రలోకం మాత్రం పాముకు రస్సెల్ పేరే తగిలించింది. ఇంగ్లీషువారికి అది 'రస్సెల్స్ వైపర్' అయింది.

రక్తాన్ని ప్రేమించే జబ్బా?

ఇక జబ్బు సంగతి. దాని పేరు హిమోఫీలియా. గ్రీకు మాటల ప్రకారం అర్థం చెప్పుకుంటే 'రక్తం మీద ప్రేమ'. 1828లో జూరిచ్‌లో హాప్ఫ్ అనే ఆయన వాడిన ఈ పేరు ఎందుకో అలాగే నిలిచిపోయింది. అనువాదాలు చేసేటప్పుడు ఈ మాట దగ్గర నేను ఎన్నోసార్లు ఆగిపోయాను. రక్తాన్ని నిలుపుకోలేని జబ్బుకు రక్తప్రేమ అని తెలుగులో ఎలా రాస్తాం? అందుకే హిమోఫీలియా అనే రాస్తున్నాను.

పేరు కొత్తదైనా జబ్బు పాతదే. సున్తీ చేసినప్పుడు ఒక తల్లి బిడ్డలు ఇద్దరు రక్తం పోయి చనిపోతే మూడో బిడ్డకు సున్తీ చేయనక్కరలేదని యూదుల తాల్ముద్ గ్రంథంలో ఉంది. 1803లో ఫిలడెల్ఫియా వైద్యుడు జాన్ కాన్రాడ్ ఓటో కొన్ని కుటుంబాల వివరాలు సేకరించి, జబ్బు మగపిల్లలకు వస్తుందని, దాన్ని అందించేది తల్లులని స్పష్టంగా రాశారు. లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉండటమే ఇందుకు కారణమని తర్వాత తేలింది. ఆడవారికి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకటి చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. మగవారికి ఉన్నది ఒకటే. అయితే ప్రతి రోగి ఇంటిలోనూ ఈ జబ్బు ఉన్న మేనమామలు కనబడరు. దాదాపు మూడింట ఒక వంతు మందిలో లోపం కొత్తగా పుడుతుంది. కనుక బిడ్డకు జబ్బు వచ్చిందని తల్లిని ఆడిపోసుకోవడం అన్యాయమే కాదు, అశాస్త్రీయం కూడా.

ఈ జబ్బు ఉన్న పిల్లవాడికి చర్మం గీరుకుపోతే ప్రమాదమేమీ లేదు. ప్రమాదమంతా లోపల ఉంటుంది. మోకాలు, మోచెయ్యి, చీలమండ కీళ్ళలో రక్తం చేరి వాస్తుంది. పదేపదే అలా జరిగితే కీలు అరిగి బిగుసుకుపోతుంది. కండరాల్లో రక్తం చేరితే నరాలు నలుగుతాయి. మెదడులో రక్తస్రావం అయితే ప్రాణమే పోవచ్చు. విక్టోరియా రాణి కుమారుడు లియోపోల్డ్ 1884లో కాలు జారి పడి, ముప్ఫయ్యేళ్ళకే మరణించాడు. రాజ్యాలున్నా మందు లేదు.

జూ నుంచి వచ్చిన మందు

1934 నాటికి వైద్యుల చేతిలో ఉన్నది రక్తం ఎక్కించడం ఒక్కటే. లండన్‌లో శామ్యూల్ లేన్ అనే వైద్యుడు మెల్లకన్ను ఆపరేషన్ తర్వాత రక్తం ఆగని ఒక కుర్రాడికి 1840లోనే రక్తం ఎక్కించి బతికించారు. కాని మామూలు రక్తంలో అవసరమైన పదార్థం ఉండేది కొద్దిగానే. ఒక పన్ను పీకించుకోవడం కూడా ప్రాణాంతకమైన రోజులవి.

సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో పనిచేస్తున్న, ముప్ఫయ్యేళ్ళు కూడా నిండని గ్విన్ మాక్‌ఫర్లేన్‌కు ఒక ఆలోచన వచ్చింది. కొన్ని పాముల విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుందని అప్పటికే తెలుసు. లండన్ జూలో పాముల విభాగం చూసే బర్జెస్ బార్నెట్‌తో కలిసి ఆయన రకరకాల విషాలను హిమోఫీలియా రోగుల రక్తంతో కలిపి చూశారు. అన్నిటిలోకి బాగా పనిచేసింది మన రక్తపింజర విషం! వేల వంతులు పలచన చేసినా, ఎంతకీ గడ్డకట్టని ఆ రక్తాన్ని సెకన్లలో గడ్డకట్టించింది. ఆ పలచని ద్రావణంలో ముంచిన గుడ్డను పన్ను పీకిన గాయంలో అదిమితే రక్తం ఆగింది. తర్వాత అది 'స్టిప్‌వెన్' అనే పేరుతో మందుగా అమ్మకానికి వచ్చింది.

మీకిక్కడ సందేహం రావాలి. మనిషిని కాటేసినప్పుడు రక్తం కారేలా చేసే విషం, గాయం మీద వేస్తే రక్తాన్ని ఎలా ఆపింది? నిజానికి రెండు చోట్లా అది చేసేది ఒకే పని, రక్తాన్ని గడ్డకట్టించడం. కాటు వేసినప్పుడు విషం ఒళ్ళంతా పాకి, గడ్డకట్టడానికి కావలసిన సరంజామానంతా ఎక్కడపడితే అక్కడ ఖర్చు చేయిస్తుంది. ఖజానా ఖాళీ అయ్యాక అసలు గాయాల దగ్గర గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. పాము కాటు రోగి రక్తాన్ని గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా అని మన డాక్టర్లు చూసేది ఇందుకే.

స్టిప్‌వెన్ హద్దు కూడా అక్కడే ఉంది. పైకి కనబడే గాయానికే అది పనికొస్తుంది. మోకాలి లోపలో, మెదడు లోపలో కారే రక్తాన్ని ఆపడానికి దాన్ని నరంలోకి ఎక్కిస్తే అది పాము కాటే అవుతుంది.

పదిమందికి పాకే కబురు

విషం ఎక్కడ పనిచేస్తున్నదో చెప్పింది కూడా మాక్‌ఫర్లేనే. ఆక్స్‌ఫర్డ్‌లో రోజ్‌మెరీ బిగ్స్ వంటి సహచరులతో ఏళ్ళ తరబడి పనిచేసి, 1964లో ఆయన రక్తం గడ్డకట్టే తీరును మెట్లు మెట్లుగా వివరించారు. అదే ఏడాది అమెరికాలో డేవీ, రాట్నాఫ్‌లు కూడా అలాంటి వివరణే ఇచ్చారు.

ఊళ్ళో కబురు పాకడం మీకు తెలుసు. ఒకడు పదిమందికి చెబితే, ఆ పదిమంది వందమందికి చెబుతారు. రక్తంలో కూడా అంతే. ఫాక్టర్లు అనే ప్రోటీన్లు మామూలుగా నిద్రపోతూ ఉంటాయి. గాయమైనప్పుడు ఒకటి మేలుకుని తర్వాతి దాన్ని లేపుతుంది. మెట్టు మెట్టుకూ మేలుకున్న అణువుల సంఖ్య పెరుగుతూ, చివరకు ఫైబ్రిన్ అనే దారాల వల తయారై గాయాన్ని మూసేస్తుంది. ఫాక్టర్లకు శాస్త్రజ్ఞులు నంబర్లు ఇచ్చారు. మన కథకు ముఖ్యమైనవి 7, 8, 9, 10.

9వ ఫాక్టర్ 10వ దాన్ని లేపాలి. కాని ఆ రెండూ వాటంతట అవి సరిగా కలుసుకోలేవు. మధ్యలో 8వ ఫాక్టర్ నిలబడి, రెండింటినీ చేరదీసి పని జరిపిస్తుంది. మన పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదన్నమాట! ఆ పేరయ్య లేకపోతే వచ్చేది హిమోఫీలియా ఎ. 9వ ఫాక్టర్ లేకపోతే వచ్చేది హిమోఫీలియా బి. ఈ రెండోది వేరే జబ్బని 1952లో ఆక్స్‌ఫర్డ్ బృందం స్పష్టం చేసింది. వారు పరీక్షించిన అయిదేళ్ళ బాలుడు స్టీఫెన్ క్రిస్మస్ పేరిట దానికి క్రిస్మస్ వ్యాధి అని పేరు వచ్చింది. హిమోఫీలియా ఎ సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. బి అంతకన్నా అరుదు.

మరి రక్తపింజర విషం ఏం చేస్తుంది? 8తోను, 9తోను నిమిత్తం లేకుండా తిన్నగా వెళ్ళి 10ని తట్టి లేపుతుంది. పేరయ్య లేకపోయినా పెళ్ళి జరిగిపోతుంది. పక్కదారి అంటే ఇదే. కాని 1964లో ఈ దారి అవసరం చాలామందికి కనబడలేదు. అసలు దారే అప్పుడప్పుడే తెరుచుకుంటున్నది మరి.

మందే శత్రువైన వేళ

ఆ సంవత్సరాల్లోనే స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞురాలు జుడిత్ పూల్ ఒక విషయం గమనించారు. గడ్డకట్టించిన ప్లాస్మాను చల్లగా ఉంచి మెల్లగా కరగనిస్తే అడుగున కొంచెం మడ్డి మిగులుతుంది. 8వ ఫాక్టర్‌లో ఎక్కువ భాగం ఆ మడ్డిలోనే ఉంది! దాన్నే క్రయోప్రెసిపిటేట్ అంటారు. మామూలు బ్లడ్ బ్యాంకులో కూడా దీన్ని తయారు చేయవచ్చు. తర్వాత వేలమంది దాతల ప్లాస్మాను కలిపి పొడి రూపంలో ఫాక్టర్ సీసాలు వచ్చాయి. పిల్లల తల్లులు ఇంట్లోనే ఇంజక్షన్ ఇవ్వడం నేర్చుకున్నారు. పిల్లలు బడికి వెళ్ళారు.

అయితే కొంతమందిలో ఒక విపరీతం కనిపించింది. నిన్నటిదాకా పనిచేసిన ఇంజక్షన్ ఈవేళ పనిచేయదు. మోతాదు రెట్టింపు చేసినా మోకాలి వాపు తగ్గదు. రక్తంలో ఏదో పదార్థం ఫాక్టర్‌ను ధ్వంసం చేస్తున్నది. ఇటువంటి పదార్థాన్ని హిమోఫీలియా కుటుంబానికి చెందిన ఒక రోగిలో 1941లోనే అమెరికా వైద్యులు లారెన్స్, జాన్సన్‌లు గుర్తించారు. దీన్నే ఇన్‌హిబిటర్ అంటారు.

ఇది ఎందుకు వస్తుంది? మన శరీరంలోని రక్షణ వ్యవస్థ 'నావాళ్ళు', 'పరాయివాళ్ళు' అనే తేడాను పుట్టుక నుంచే నేర్చుకుంటుంది. తీవ్రమైన హిమోఫీలియా ఉన్న బిడ్డ ఒంట్లో 8వ ఫాక్టర్ ఎన్నడూ లేదు. కనుక బయటి నుంచి వచ్చిన ఫాక్టర్ దాని కంటికి మందుగా కాక, చొరబడ్డ క్రిమిగా కనబడుతుంది. దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఫాక్టర్ మళ్ళీ ఇస్తే, కొందరిలో కొద్ది రోజుల్లోనే ఆ ప్రతిరక్షకాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. మందు ఎక్కువైన కొద్దీ శత్రువులూ ఎక్కువే! తీవ్రమైన హిమోఫీలియా ఎ ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి, కొన్ని లెక్కల్లో ముగ్గురిలో ఒకరికి ఈ చిక్కు వస్తుంది. చాలావరకు మొదటి 20 మోతాదుల లోపే, అంటే చిన్నతనంలోనే వస్తుంది.

దీని బలం కొలవడానికి 1975లో బెథెస్డా యూనిట్ అనే కొలత ఏర్పరచారు. రక్తంలోని 8వ ఫాక్టర్‌ను 37 డిగ్రీల వేడిలో రెండు గంటల్లో సగానికి తగ్గించే శక్తి ఒక యూనిట్. అయిదు యూనిట్లు దాటితే ఎంత ఫాక్టర్ పోసినా ఇసుకలో నీళ్ళు పోసినట్టే.

ఆ తల్లిదండ్రుల స్థితి ఒకసారి ఊహించండి. జబ్బుకు మందు ఉంది. మందు చేతిలోనే ఉంది. అయినా పనికిరాదు.

పక్కదారి పట్టిన వైద్యులు

ఇక్కడ పాము విషం చూపిన ఉపాయమే అక్కరకు వచ్చింది. హిమోఫీలియా బి రోగుల కోసం తయారుచేసిన ముడి మందులో 2, 7, 9, 10వ ఫాక్టర్లు కలిసి ఉండేవి. తయారీలో వాటిలో కొన్ని కాస్త మేలుకుని ఉండేవి. అది 8వ ఫాక్టర్ లేకుండానే రక్తాన్ని గడ్డకట్టిస్తుందని 1970లలో వైద్యులు గ్రహించారు. వియన్నాలో కావాలనే ఫాక్టర్లను కొంత మేల్కొలిపి 'ఫైబా' అనే మందు తయారుచేశారు. 1980లో అమెరికాలో జీన్ లషర్ బృందం ముడి మందుల మీద పరీక్ష జరిపి, సుమారు సగం సందర్భాల్లో అవి పనిచేశాయని చూపింది. ఏమీ లేని చోట సగమైనా గొప్పే. కాని ఇందులో పాము కాటు నీడ కూడా ఉంది. మోతాదు మించితే అక్కరలేని చోట రక్తం గడ్డకట్టి గుండెకో ఊపిరితిత్తులకో ముప్పు రావచ్చు.

జర్మనీలోని బాన్ నగరంలో హాన్స్ హెర్మన్ బ్రాక్‌మన్ మరో తెగువ చేశారు. అందరూ ఫాక్టర్ ఆపుతుంటే, ఆయన రోజుకు రెండుసార్లు, కిలో బరువుకు 100 యూనిట్ల చొప్పున, నెలల తరబడి ఇస్తూ పోయారు. రక్షణ వ్యవస్థ అలసి, చివరకు ఆ పరాయివాడికి అలవాటు పడిపోయింది! 1977లో ఆయన ఈ ఫలితం ప్రకటించారు. ఈ పద్ధతి మూడింట రెండు వంతుల మందిలో ఫలించింది. కాని ఖర్చు మాటేమిటి? 20 కిలోల పిల్లవాడికి రోజుకు 4,000 యూనిట్లు కావాలి. ఒక కీలు వాపుకు మామూలుగా ఇచ్చేది అందులో అయిదో వంతుకు మించదు. ధనిక దేశాలకే అది మోయలేని భారం.

సీసాలో దాగిన మృత్యువు

ఇంతలో ఎవరూ ఊహించని దెబ్బ తగిలింది. 1982 జులైలో అమెరికా ఆరోగ్యశాఖ ముగ్గురు హిమోఫీలియా రోగుల్లో ఒక అరుదైన న్యుమోనియాను ప్రకటించింది. అది ఎయిడ్స్. వేలమంది దాతల ప్లాస్మా కలిపిన సీసాలో ఒక్కడి రక్తంలో వైరస్ ఉన్నా చాలు, సీసా అంతా విషమే. వేడిచేసి వైరస్‌ను చంపే పద్ధతి 1980ల మధ్యకు గాని అమలులోకి రాలేదు. బ్రిటన్‌లోనే రక్తస్రావ జబ్బులున్న సుమారు 1,250 మందికి హెచ్.ఐ.వి. సోకింది. వారిలో 380 మంది పిల్లలు. ముప్పు తెలిసి కూడా తగినంత త్వరగా కదలలేదని 2024 మే నెలలో అక్కడి విచారణ సంఘం ప్రభుత్వాన్నీ వైద్య వ్యవస్థనూ తప్పుపట్టింది. ప్రపంచ హిమోఫీలియా సమాఖ్యను 1963లో స్థాపించిన ఫ్రాంక్ ష్నేబెల్ 1987లో, తన పేరు ఒక జబ్బుకు ఇచ్చిన స్టీఫెన్ క్రిస్మస్ 1993లో ఎయిడ్స్‌కే బలయ్యారు.

ఇన్‌హిబిటర్ ఉన్నవారికి ఈ దెబ్బ మరింత గట్టిది. వారి పక్కదారి మందులు కూడా మానవ ప్లాస్మా నుంచి వచ్చేవే.

ఉల్లా హెడ్నర్ పట్టుదల

స్వీడన్ వైద్యురాలు ఉల్లా హెడ్నర్ ఒక సూటి ప్రశ్న వేసుకున్నారు. ఆ ముడి మందుల్లో నిజంగా పనిచేస్తున్నది ఏది? మేలుకున్న 7వ ఫాక్టర్ కావచ్చని ఆమెకు తోచింది. మామూలుగా గాయపడిన కణజాలం నుంచి వెలువడే ఒక పదార్థంతో కలిసి 7వ ఫాక్టర్ మొదటి కబురు పంపుతుంది. దాన్నే ఎక్కువ మోతాదులో ఇస్తే, గాయం దగ్గర చేరిన రక్తఫలకికల మీద అది 10ని తిన్నగా లేపుతుంది. 8, 9ల అవసరం లేదు. గాయం లేనిచోట దాని జోరు తక్కువ. పాము విషానికి లేని విచక్షణ దీనికి ఉందన్నమాట.

అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కిసియెల్‌తో కలిసి, ప్లాస్మా నుంచి శుద్ధి చేసిన కొద్దిపాటి మందును ఇద్దరు రోగులకు ఇచ్చి, 1983లో ఆమె ఫలితాలు ప్రకటించారు. కాని ప్లాస్మాలో అది దొరికేది అత్యల్పం. డెన్మార్క్‌లోని నోవో సంస్థలో జన్యు సాంకేతిక పద్ధతి ద్వారా, హామ్‌స్టర్ అనే చిన్న జంతువు మూత్రపిండ కణాల్లో దాన్ని తయారుచేశారు. మానవ రక్తంతో పనిలేదు కనుక ఎయిడ్స్ భయం లేదు. 1988లో స్టాక్‌హోంలో ఇన్‌హిబిటర్ ఉన్న ఒక రోగికి ఈ మందు సాయంతో మోకాలి ఆపరేషన్ చేశారు. అంతకుముందు అలాంటి రోగికి కత్తి పెట్టడానికి సర్జన్లు జంకేవారు. 1996లో యూరప్‌లో ఈ మందుకు అనుమతి వచ్చింది. లోపమల్లా ఒంట్లో దాని బలం రెండు మూడు గంటలకే సగమైపోవడం. ఆపరేషన్ వేళ రెండు గంటలకొక ఇంజక్షన్ కావాలి. ధర చెప్పనక్కరలేదు.

కొత్త పేరయ్య

పక్కదారి మందులు రక్తస్రావం మొదలయ్యాక ఆపుతాయి. అసలు రాకుండా ఎలా చూడాలి? జపాన్‌లోని చుగాయ్ సంస్థ శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకాల శక్తినే మందుగా మలిచారు. రెండు చేతులున్న ఒక ప్రతిరక్షకాన్ని తయారుచేశారు. అది ఒక చేత్తో 9ని, మరో చేత్తో 10ని పట్టుకుని దగ్గరకు చేరుస్తుంది. అచ్చం పాత పేరయ్య చేసే పనే! కాని రూపం వేరు. కనుక ఇన్‌హిబిటర్లు దాన్ని గుర్తుపట్టలేవు. 2012లో వారు ఈ పరిశోధన ప్రకటించారు. ఎమిసిజుమాబ్ అనే ఈ మందుకు 2017 నవంబరులో అమెరికా అనుమతి లభించింది. ఇన్‌హిబిటర్ రోగులపై జరిపిన పరీక్షలో రక్తస్రావాలు 87 శాతం తగ్గాయి. దీన్ని నరానికి కాదు, చర్మం కింద ఇస్తే చాలు. మొదట వారానికొకసారి, తర్వాత నెలకొకసారి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది.

ఇక్కడా హెచ్చరిక ఉంది. ఆ పరీక్షలోనే, ఈ మందు వాడుతూ మధ్యలో ఫైబా వంటి మందును ఎక్కువ మోతాదులో తీసుకున్న కొందరికి సూక్ష్మ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ప్రమాదం వచ్చింది. రెండు పక్కదారులు ఒకేసారి తెరిస్తే వరద వచ్చినట్టే. అందుకే ఇప్పుడు ఈ రోగులకు రక్తస్రావమైతే వీలైనంతవరకు 7వ ఫాక్టరే ఇస్తారు.

హిమోఫీలియా బి రోగులకు ఈ కొత్త పేరయ్య పనికిరాడు. అక్కడ లేనిది 9వ ఫాక్టరే కదా! వారిలో ఇన్‌హిబిటర్ అరుదు గాని, వచ్చిందంటే ఫాక్టర్ ఇచ్చినప్పుడు ప్రమాదకరమైన ఎలర్జీ రావచ్చు. వారికోసం మరో దారి తొక్కారు. రక్తం అతిగా గడ్డకట్టకుండా ప్రకృతి పెట్టిన బ్రేకులు కొన్ని ఉన్నాయి. వాటిని కొంత వదులు చేసే కాన్సిజుమాబ్‌కు 2024 డిసెంబరులో, ఫిటుసిరాన్‌కు 2025 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. బ్రేకు వదులు చేసిన బండిని ఎంత జాగ్రత్తగా నడపాలో మీకు తెలుసు.

మన దేశంలో

మన దేశంలో చాలాకాలం ప్లాస్మా, క్రయోప్రెసిపిటేట్‌లే ఆధారం. హిమోఫీలియాతో బాధపడుతూనే అశోక్ బహాదూర్ వర్మ 1983లో రోగుల సమాఖ్యను స్థాపించారు. ప్రపంచ సమాఖ్య 1996 నుంచి పేద దేశాలకు ఉచితంగా ఫాక్టర్ పంపుతున్నది. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫీలియాను కూడా చేర్చారు. ఇప్పుడు అనేక రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫాక్టర్ ఉచితంగా ఇస్తున్నారు.

వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం అయిదుగురు హిమోఫీలియా ఎ రోగుల సొంత మూలకణాల్లో 8వ ఫాక్టర్ జన్యువును ప్రవేశపెట్టి తిరిగి ఎక్కించింది. తర్వాత గమనించిన కాలంలో వారిలో ఎవరికీ రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రకటించారు. మన గడ్డ మీద జరిగిన ఈ పని గర్వించదగినదే. కాని అయిదుగురితో తీర్పు చెప్పలేం. అది అందరికీ అందేదాకా ఇన్‌హిబిటర్ ఉన్న రోగికి పక్కదారి మందులే దిక్కు.

మీరు గుర్తుంచుకోవలసినవి

మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగునో ఈ జబ్బు ఉన్న పిల్లవాడు ఉంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. తలకు దెబ్బ తగిలితే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకండి. ముందు ఫాక్టర్ ఇప్పించి, తర్వాత స్కానింగ్‌కు తీసుకువెళ్ళాలి. ఆస్పిరిన్ వాడకూడదు. కండలోకి ఇంజక్షన్లు వేయించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ పనిచేసే ఫాక్టర్ ఒకసారి పనిచేయకపోతే 'మందు పాతబడిందేమో' అనుకుని వదిలేయకండి. ఇన్‌హిబిటర్ పరీక్ష చేయమని డాక్టరును అడగండి. ఏ ఆపరేషన్‌కైనా ముందు ఈ పరీక్ష తప్పనిసరి. ఎమిసిజుమాబ్ వాడుతున్నవారు ఆ సంగతి రాసిన కార్డును ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. తెలియని ఊళ్ళో, తెలియని డాక్టరు చేతిలో ఆ కార్డే ప్రాణం కాపాడుతుంది.

మాక్‌ఫర్లేన్ పలచన చేసి వాడిన ఆ విషం గాయాల మీదికి ఇప్పుడు రావడం లేదు. కాని ప్రయోగశాలల్లో కొన్ని రక్త పరీక్షలకు ఈనాటికీ రక్తపింజర విషాన్నే వాడుతున్నారు. కారణం పాతదే, అది తిన్నగా 10ని లేపుతుంది. విశాఖపట్నంలో రస్సెల్ 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్న నాడు ఆ విషం గుట్టు ఎవరికీ తెలియదు. గుట్టు తెలిశాక దాని వల్ల బతికిన పిల్లలున్నారు. అయితే పక్కదారి తెరిచిన ప్రతిసారీ అక్కడ మరో ప్రమాదం కూడా పొంచి ఉంటుందని ఈ చరిత్ర చెబుతున్నది. రెండోది మరిచిపోయినప్పుడల్లా మూల్యం చెల్లించింది రోగులే.